కరెంటు చటుక్కున పోయినా డిస్కులో ఫైళ్లు చెడకుండా ఉండాలంటే

కరెంటు పోయి వచ్చాక కంప్యూటరు మళ్లీ ఆన్ అయితే గండం గడిచిందనుకుంటాం. కానీ నష్టం చాలాసార్లు ఆ రోజే బయటపడదు. పది రోజుల తర్వాత జీఎస్‌టీ రిటర్ను వేద్దామని ఫైలు తెరిస్తే, పేరు సరిగ్గానే ఉంటుంది, సైజు సరిగ్గానే ఉంటుంది, లోపల మాత్రం ఒక్క అక్షరం ఉండదు. ఇలా జరగకుండా ముందే ఏం చేయాలో, జరిగాక ఏ వరసలో బాగుచేసుకోవాలో ఇక్కడ రాస్తున్నాం. దుకాణంలో బిల్లింగ్ కంప్యూటరు, ఇంట్లో డెస్క్‌టాప్, ఆఫీసు మూలన నడిచే చిన్న లైనక్స్ సర్వరు, ఈ మూడింటినీ దృష్టిలో పెట్టుకున్నాం. ఆదేశాలను పలికే తీరులో ఇచ్చాం. టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి.

అసలు చెడేది ఏమిటి?

మీరు కంట్రోల్ ఎస్ నొక్కగానే ప్రోగ్రాం ఆ ఫైలును విండోస్ చేతికిస్తుంది. విండోస్ దాన్ని ర్యామ్‌లో పెట్టుకుని, సేవ్ అయిపోయిందని చెప్పేస్తుంది. కాసేపాగి డిస్కుకు పంపుతుంది. డిస్కు కూడా తన సొంత చిన్న మెమరీలోకి తీసుకుని, అందిందని చెప్పి, వీలు చూసుకుని రాస్తుంది. లైనక్స్‌లో మామూలు సెట్టింగులతోనే మారిన డేటా 30 సెకన్ల దాకా ర్యామ్‌లో ఉండిపోవచ్చు. అంటే సేవ్ అయిందన్న మాటకీ, అక్షరం డిస్కు మీద పడడానికీ మధ్య రెండు మజిలీలు ఉన్నాయి. కరెంటు పోయిన క్షణంలో ఆ మజిలీల్లో ఏముంటే అది పోతుంది.

దగ్గరగా చూద్దాం. 40 కేబీ బిల్లు ఫైలు ఒకటి సేవ్ చేశారనుకోండి. డిస్కు 4 కేబీ గళ్లుగా విడిపోయి ఉంటుంది కాబట్టి దీనికి 10 గళ్లు కావాలి. ఫైల్‌సిస్టం, అంటే డిస్కు మీద ఫైళ్ల లెక్క చూసే ఏర్పాటు, మూడు చోట్ల రాయాలి: ఆ 10 గళ్లు ఇక ఖాళీ కావని ఖాళీల పట్టికలో, ఫైలు పేరు, సైజు, ఏయే గళ్లలో ఉందన్నది ఫైళ్ల పట్టికలో, అసలు బిల్లు సమాచారం ఆ గళ్లలో. మొదటి రెండూ రాశాక, మూడోది రాయకముందు కరెంటు పోతే ఏమవుతుంది? 40 కేబీ అని చూపించే ఫైలు ఉంటుంది, లోపల అన్నీ సున్నాలే. ఖాళీల పట్టిక రాయకుండా ఫైళ్ల పట్టిక మాత్రమే రాస్తే ఇంకా ప్రమాదం: ఫైల్‌సిస్టం అవే గళ్లను రేపు ఇంకో ఫైలుకు ఇచ్చేస్తుంది, రెండు ఫైళ్లు ఒకదాన్నొకటి తినేస్తాయి.

ఇందుకే విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్, లైనక్స్ వాడే ఈఎక్స్‌టీ4 వంటి ఫైల్‌సిస్టంలు జర్నల్ పెట్టుకుంటాయి. మన కొట్లలో చిట్టా, ఆవర్జా రాసే పద్ధతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. ముందు చిట్టాలో రాసుకుని తర్వాత ఆవర్జాకు ఎక్కిస్తారు. మధ్యలో పని ఆగిపోతే చిట్టా తెరిచి, పూర్తిగా రాసి ఉన్న పద్దును ఆవర్జాకు ఎక్కిస్తారు, సగం రాసిన పద్దును కొట్టేస్తారు. జర్నల్ చేసేదీ అంతే. కరెంటు వచ్చాక కంప్యూటరు లేచేటప్పుడు ఈ పని కొన్ని సెకన్లలో అయిపోతుంది.

కానీ ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. మామూలు సెట్టింగుల్లో ఈ జర్నల్ పట్టికల లెక్క మాత్రమే రాస్తుంది, మీ ఫైలు లోపలి సమాచారం రాయదు. జర్నల్ డిస్కును కాపాడుతుంది, ఆ నిమిషంలో మీరు టైపు చేస్తున్న బిల్లును కాపాడుతుందన్న హామీ లేదు. పెన్ డ్రైవుల్లో ఉండే ఫ్యాట్32, ఎక్స్‌ఫ్యాట్‌లకు ఆ చిట్టా కూడా లేదు.

మొదటి పని: డిస్కుకు రెండు నిమిషాల వ్యవధి ఇవ్వండి

సాఫ్ట్‌వేరులో ఎన్ని జాగ్రత్తలు పడినా యూపీఎస్ ఇచ్చే రక్షణ వేరే ఏదీ ఇవ్వదు. ఖర్చు పెట్టగలిగింది ఒక్కదాని మీదే అయితే దీని మీద పెట్టండి. యూపీఎస్ పని గంటల తరబడి కంప్యూటరు నడపడం కాదు, రాయాల్సింది రాసేసి పద్ధతిగా ఆగడానికి సమయం ఇవ్వడం. ఈ తేడా తెలియకే చాలామంది బీప్ బీప్ అని మోగుతున్నా పని చేసుకుంటూ పోయి, చివరికి దబ్బున ఆపేసుకుంటారు.

లెక్క వేసుకోండి. మామూలు డెస్క్‌టాప్, 20 అంగుళాల మానిటరు, వైఫై రౌటరు కలిపి పని చేసేటప్పుడు సుమారు 100 వాట్లు తీసుకుంటాయి. బజారులో దొరికే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్ల దాకా మోయగలదు కాబట్టి బరువు సమస్య కాదు. లోపల ఉండేది 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ ఒకటి, గుణిస్తే 84 వాట్ అవర్లు. ఇంత వేగంగా లాగినప్పుడు లెడ్ యాసిడ్ బ్యాటరీ అందులో సగం, సగం పైచిలుకు మాత్రమే ఇస్తుంది, మార్పిడిలో ఇంకొంత పోతుంది. చేతికి వచ్చేది 35 నుంచి 40 వాట్ అవర్లు. కొత్తలో 20 నిమిషాలు వస్తుంది. రెండేళ్లు గడిచాక అదే యూపీఎస్ ఐదు నిమిషాలు ఇవ్వొచ్చు, ఐదు సెకన్లలో చేతులెత్తేయనూ వచ్చు.

వేడి బ్యాటరీకి శత్రువు. ఉండాల్సినదానికన్నా 10 డిగ్రీలు ఎక్కువ వేడిలో ఉంటే ఆయుష్షు సగమవుతుందన్నది లెడ్ యాసిడ్ బ్యాటరీల విషయంలో అందరూ పాటించే లెక్క. మన దగ్గర మే నెలలో 42, 43 డిగ్రీలు మామూలే. అందుకే యూపీఎస్‌ను బల్ల కింద మూసిన అరలో, సీపీయూ వేడిగాలి తగిలేచోట పెట్టకండి. రెండు మూడేళ్లకోసారి బ్యాటరీ మార్చండి, మార్చిన తేదీని స్టిక్కరు మీద రాసి యూపీఎస్‌కే అంటించండి. పక్కలు ఉబ్బిన బ్యాటరీని ఆ రోజే తీసేయాలి.

లేజర్ ప్రింటరును యూపీఎస్‌కు తగిలించవద్దు. కాగితం మీద పొడిని కాల్చి అంటించే రోలరు వేడెక్కేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, యూపీఎస్ ఓవర్‌లోడై కంప్యూటరును కూడా ఆపేస్తుంది. రక్షణ కోసం పెట్టిందే ముంచుతుంది.

ఇంట్లో ఇన్వర్టరు ఉంది కదా, యూపీఎస్ ఎందుకంటారా? ఇన్వర్టరు వెనక లేదా ముందు ఒక మీట ఉంటుంది, ఒక వైపు నార్మల్, ఇంకో వైపు యూపీఎస్ అని. నార్మల్‌లో ఉంటే వోల్టేజీ బాగా పడిపోయేదాకా లైను కరెంటునే పంపుతుంది, బ్యాటరీకి మారడానికి కూడా ఎక్కువ సమయం తీసుకుంటుంది. ఫ్యానుకు, ట్యూబ్‌లైటుకు ఇది చాలు. కంప్యూటరు ఎస్‌ఎంపీఎస్ (లోపల ఉండే పవర్ సప్లై పెట్టె) మాత్రం కరెంటు లేకుండా 16, 17 మిల్లీసెకన్లు నిలబడేలా తయారవుతుంది. ఇన్వర్టరు 40 మిల్లీసెకన్లు తీసుకుంటే కంప్యూటరు రీస్టార్టు అవుతుంది. మీటను యూపీఎస్ వైపు పెట్టండి. అయినా రీస్టార్టు అవుతోందంటే విడిగా యూపీఎస్ తీసుకోండి. యాక్టివ్ పీఎఫ్‌సీ (కరెంటును సరైన తీరులో లాగేలా దిద్దే సర్క్యూట్) ఉన్న ఖరీదైన ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని, కరెంటును మెట్లు మెట్లుగా ఇచ్చే స్క్వేర్ వేవ్ యూపీఎస్‌తో సరిగా పడవు. ఇంట్లో ఉన్నది అలాంటిదైతే లైను కరెంటులాగే నున్నటి అలగా ఇచ్చే ప్యూర్ సైన్ వేవ్ రకం చూడండి.

యూపీఎస్‌ను పరీక్షించడానికి డేటాను పణంగా పెట్టక్కర్లేదు. కంప్యూటరును రీస్టార్టు చేసి, విండోస్ లోడ్ కాకముందే డిలీట్ లేదా ఎఫ్2 నొక్కి బయోస్ (విండోస్ కన్నా ముందు వచ్చే మదర్‌బోర్డు సెట్టింగులు) తెర మీద ఆపండి. అక్కడ ఏ ఫైల్‌సిస్టమూ తెరిచి ఉండదు, కాబట్టి కరెంటు పోయినా చెడేది లేదు. ఇప్పుడు యూపీఎస్ ప్లగ్గు ఉన్న గోడ స్విచ్ ఆపండి. ప్లగ్గు పీకకండి, పీకితే ఎర్తింగ్ కూడా తెగుతుంది. ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి ఎన్ని నిమిషాలు నిలబడిందో చూడండి. 5 నిమిషాల లోపే ఆగిపోతే బ్యాటరీ మార్చాలి. మూడు నెలలకోసారి చేస్తే చాలు, ఎండాకాలం మొదలవకముందు మాత్రం తప్పనిసరిగా చేయండి.

యూపీఎస్ దగ్గర ఎవరూ లేకపోతే

రాత్రిపూట నడిచే కంప్యూటరుకు బీప్ వినే మనిషి ఉండడు. అలాంటి చోట యూఎస్‌బీ పోర్టు ఉన్న యూపీఎస్ కొనండి, చవక మోడళ్లలో చాలావాటికి అది ఉండదు. కేబుల్ తగిలించగానే విండోస్ దాన్ని ల్యాప్‌టాప్ బ్యాటరీలాగా చూపిస్తే పని సులువు. పవర్ ఆప్షన్స్ తెరిచి, చేంజ్ ప్లాన్ సెట్టింగ్స్, అక్కడి నుంచి అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో బ్యాటరీ. క్రిటికల్ బ్యాటరీ యాక్షన్‌ను షట్‌డౌన్ లేదా హైబర్నేట్ చేయండి. క్రిటికల్ లెవెల్ మామూలుగా బాగా తక్కువ ఉంటుంది, దాన్ని 40 శాతానికి పెంచండి. పాత బ్యాటరీ 40 చూపించి అక్కడి నుంచి ఒక్కసారిగా సున్నాకు దిగజారుతుంది, 5 శాతం దాకా ఎదురుచూస్తే కంప్యూటరు దబ్బున ఆగిపోయినట్టే.

లైనక్స్‌లో నెట్‌వర్క్ యూపీఎస్ టూల్స్ అనే ప్యాకేజీ ఉంది, ముద్దుగా నట్ అంటారు. ఎక్కువ యూపీఎస్‌లకు యూఎస్‌బీహెచ్‌ఐడీ హైఫన్ యూపీఎస్ డ్రైవరు సరిపోతుంది. అది పట్టుకోకపోతే నట్‌డీఆర్‌వీ అండర్‌స్కోర్ క్యూఎక్స్ డ్రైవరు పెట్టి చూడండి. సెట్ చేసి వదిలేయకండి: ముఖ్యమైన ఫైళ్లు మూసేసి, గోడ స్విచ్ ఆపి, సర్వరు నిజంగా తనంతట తాను షట్‌డౌన్ అవుతుందో లేదో ఒకసారి నిలబడి చూడండి.

మనుషులున్న చోట ఒకటే నియమం పెట్టుకోండి. కరెంటు పోయి 2 నిమిషాల్లో రాకపోతే అన్నీ సేవ్ చేసి షట్‌డౌన్. అప్పుడు మెనూలో అప్‌డేట్ అండ్ షట్‌డౌన్ అని కనిపిస్తే దాన్ని తాకకుండా వట్టి షట్‌డౌన్ ఎంచుకోండి. బ్యాటరీ మీద ఉండగా అప్‌డేటు మొదలైతే అది పూర్తయ్యేలోపు యూపీఎస్ అయిపోతుంది, సగం రాసిన సిస్టం ఫైళ్లతో విండోసే లేవకపోవచ్చు.

అసలు కొత్త బిల్లింగ్ యంత్రం కొనే ఆలోచనలో ఉంటే డెస్క్‌టాప్ బదులు ల్యాప్‌టాప్ మంచిదని మా అభిప్రాయం. దాని బ్యాటరీయే యూపీఎస్. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌ను అడాప్టరు మీదే నడుపుతుంటే మాత్రం అది డెస్క్‌టాప్‌తో సమానం.

విండోస్‌లో మార్చాల్సినవి

డివైస్ మేనేజర్ తెరిచి, డిస్క్ డ్రైవ్స్ కింద మీ డిస్కు మీద రెండుసార్లు నొక్కి, పాలసీస్ ట్యాబ్‌కు వెళ్లండి. రెండు టిక్కులు ఉంటాయి. మొదటిది రైట్ క్యాషింగ్, రెండోది విండోస్ రైట్ క్యాష్ బఫర్ ఫ్లషింగ్‌ను ఆపేయమనేది. ఈ రెండో దాని మీద టిక్కు ఎప్పుడూ ఉండకూడదు. స్పీడు పెంచుతుందని వీడియోల్లో చెబుతుంటారు. ముఖ్యమైన చోట్ల, మెమరీలో ఉన్నది ఇప్పుడే డిస్కు మీద రాసెయ్యి అని విండోస్ డిస్కుకు ఆజ్ఞ ఇస్తుంది. ఆ టిక్కు పెడితే ఆ ఆజ్ఞే ఆగిపోతుంది, జర్నల్ కూడా వరస తప్పుతుంది. చిట్టా కన్నా ముందు ఆవర్జా రాసినట్టు.

మొదటి టిక్కు సంగతి వేరు. హార్డ్ డిస్కు ఉండి, యూపీఎస్ లేకపోతే దాన్ని తీసేయడం అర్థవంతమే. కంప్యూటరు నెమ్మదిస్తుంది, కానీ డిస్కు మెమరీలో ఇరుక్కుపోయేది తగ్గుతుంది. ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లో రాసే డిస్కు) అయితే ఆ టిక్కును అలాగే ఉంచండి, తీస్తే మరీ నత్తనడక నడుస్తుంది.

ఫాస్ట్ స్టార్టప్‌ను ఆపేయండి. కంట్రోల్ ప్యానెల్, పవర్ ఆప్షన్స్, పవర్ బటన్లు ఏం చేయాలో ఎంచుకునే పేజీలో ఉంటుంది. ఇది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ అన్నప్పుడు విండోస్ పూర్తిగా మూసుకోదు, సగం నిద్రలోకి వెళ్తుంది. అదే డిస్కును ఆ కంప్యూటరులోనే పక్కన వేసుకున్న లైనక్స్ నుంచి తెరిచి ఏదైనా రాస్తే ఫైల్‌సిస్టం దెబ్బతింటుంది.

తర్వాత బయోస్‌లోకి వెళ్లి రీస్టోర్ ఆన్ ఏసీ పవర్ లాస్ అన్న సెట్టింగు చూడండి. మదర్‌బోర్డును బట్టి పేరు కాస్త మారుతుంది. బిల్లింగ్ కంప్యూటరుకు దాన్ని పవర్ ఆఫ్ చేయండి. గాలివానల్లో కరెంటు వచ్చీ పోతూ ఉంటుంది కదా, వచ్చిన ప్రతిసారీ కంప్యూటరు లేచి జర్నల్ సరిచేసుకుంటూ ఉండగా మళ్లీ పోతుంది. ఒక్క దెబ్బ కావాల్సింది ఆరేడు దెబ్బలవుతాయి. కరెంటు వచ్చాక పది నిమిషాలు నిలిచిందని చూసుకుని మీరే ఆన్ చేయండి. మనిషి లేని సర్వరుకు ఈ సౌకర్యం లేదు కాబట్టి దానికి యూపీఎస్ తప్పదు.

లైనక్స్, రాస్ప్‌బెరీ పై, ఎస్‌ఎస్‌డీలు

ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టం తన జర్నల్‌ను 5 సెకన్లకోసారి డిస్కుకు ఎక్కిస్తుంది. డేటా ఆర్డర్డ్ అనే మామూలు పద్ధతిలో ముందు ఫైలు సమాచారం రాసి, ఆ తర్వాతే పట్టికల లెక్క రాస్తుంది. ఇది మంచి పద్ధతి, చెడగొట్టకండి. ఏ డిస్కును ఎలా తెరవాలో రాసి ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైలులో నోబ్యారియర్ అనో, బ్యారియర్ ఈక్వల్స్ సున్నా అనో ఎవరైనా వేగం కోసం పెట్టి ఉంటే తీసేయండి. రూట్ డిస్కుకు, అంటే లైనక్స్ ఉన్న డిస్కుకు, ఎర్రర్స్ ఈక్వల్స్ రీమౌంట్ హైఫన్ ఆర్‌ఓ అని ఉండేలా చూడండి. పట్టికల్లో తేడా కనబడగానే ఇక రాయకుండా ఆగిపోతుంది, గాయం పెరగదు.

సర్వరులో డేటాబేస్ నడుస్తుంటే ఇంకో మెట్టు ఉంది. మైఎస్‌క్యూఎల్ అయితే టేబుళ్లు ఇన్నోడీబీ రకంలో ఉండాలి, మైఐసామ్‌లో కాదు. ఇన్నోడీబీ ఫ్లష్ లాగ్ యట్ టీఆర్‌ఎక్స్ కమిట్ విలువ 1 ఉండాలి, అదే మామూలుగా వచ్చేది. వేగం కోసం 2 లేదా సున్నా చేసుకుంటే, కరెంటు పోయినప్పుడు చివరి సెకనులో పడిన బిల్లులు పోతాయని తెలిసి చేసుకోవాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో ఎఫ్‌సింక్‌ను (మెమరీలో ఉన్నదాన్ని ఇప్పుడే డిస్కు మీద రాయించే ఆజ్ఞ) ఎప్పుడూ ఆపకండి. మీరే ప్రోగ్రాం రాస్తుంటే పాత ఫైలు మీదే తిరిగి రాయడం మానండి. కొత్త పేరుతో రాసి, ఎఫ్‌సింక్ పిలిచి, ఆ తర్వాత పాత పేరుకు రీనేమ్ చేయండి. కరెంటు ఎప్పుడు పోయినా పాతదో కొత్తదో ఏదో ఒకటి పూర్తిగా ఉంటుంది.

లైనక్స్ బిగుసుకుపోయినప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టకండి. ఆల్ట్, ప్రింట్ స్క్రీన్ కలిపి పట్టుకుని ఎస్, యు, బి అక్షరాలను రెండేసి సెకన్ల తేడాతో నొక్కండి. ఎస్ మెమరీలో ఉన్నదంతా డిస్కుకు రాయిస్తుంది, యు డిస్కులను చదవడానికి మాత్రమే వీలయ్యేలా మారుస్తుంది, బి రీస్టార్టు చేస్తుంది. ఉబుంటులో ఈ మూడూ మామూలుగానే పనిచేస్తాయి.

రాస్ప్‌బెరీ పై అనే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటరు ఎస్‌డీ కార్డు మీద నడుస్తుంది, అది అన్నిటికన్నా సున్నితం. ఫ్లాష్ మెమరీలో చిన్న ముక్క మార్చాలన్నా పెద్ద బ్లాకును చెరిపి తిరిగి రాయాలి, ఆ మధ్యలో కరెంటు పోతే మీరు ముట్టుకోని ఫైళ్లు కూడా పోతాయి. రాస్పీ హైఫన్ కాన్ఫిగ్ తెరిచి పెర్ఫార్మెన్స్ ఆప్షన్స్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టం ఆన్ చేయండి. అప్పటి నుంచి కార్డు మీద ఏమీ రాయదు, మార్పులన్నీ ర్యామ్‌లో ఉండి రీస్టార్టుతో పోతాయి. దాచుకోవాల్సిన డేటాను వేరే డిస్కులో పెట్టండి. తెర మీద మెరుపు గుర్తు కనబడుతుంటే వోల్టేజీ 4.63 కన్నా కిందికి పడిపోతోందని అర్థం, మంచి అడాప్టరు వేయండి.

ఎస్‌ఎస్‌డీ విషయంలో ఒక అపోహ ఉంది, తిరిగే పళ్లెం లేదు కాబట్టి కరెంటు పోయినా ఏమీ కాదని. ఏ సమాచారం ఏ చిప్పులో ఉందన్న పటాన్ని ఎస్‌ఎస్‌డీ తన మెమరీలో ఉంచుకుంటుంది. అది రాస్తుండగా కరెంటు పోతే అరుదుగానైనా డ్రైవ్ మొత్తం కనబడకుండా పోవచ్చు. సర్వర్లకు వాడే రకాల్లో పవర్ లాస్ ప్రొటెక్షన్ పేరుతో కెపాసిటర్లు ఉంటాయి, ఆ కాస్త కరెంటుతో పని ముగించుకుంటాయి. ఇళ్లకు కొనే మామూలు రకాల్లో ఎక్కువగా ఇది ఉండదు. డేటాబేస్ సర్వరుకు కొంటుంటే ఆ మాట ఉన్నదే చూసి తీసుకోండి.

బ్యాకప్

ఎంత చేసినా ఒక రోజు తప్పుతుంది. రోజూ కొట్టు కట్టేముందు డేటా ఫోల్డరును తేదీ పేరుతో కాపీ చేసి, ఆ డిస్కును విప్పి పక్కన పెట్టండి. ట్యాలీ ప్రైమ్‌లో ఆల్ట్ వై నొక్కితే బ్యాకప్ కనబడుతుంది. నిన్నటి కాపీ మీదే ఈరోజుది రాయకండి. సున్నాలతో నిండిన ఫైలు మంచి ఫైలు మీద పడితే రెండూ పోయినట్టే. క్లౌడ్ సింక్ కూడా చెడ్డ ఫైలును నమ్మకంగా పైకి పంపిస్తుంది. గూగుల్ డ్రైవ్ మామూలు ఫైళ్ల పాత రూపాలను 30 రోజులు ఉంచుతుంది కాబట్టి ఆ లోపు చూసుకోవాలి. రెయిడ్ (ఒకే సమాచారాన్ని రెండు డిస్కుల్లో ఉంచే ఏర్పాటు) ఉంది కాబట్టి బ్యాకప్ అక్కర్లేదనుకోవద్దు, తప్పుగా రాసింది రెండు డిస్కుల్లోనూ తప్పుగానే ఉంటుంది.

కరెంటు పోయి వచ్చాక: ఏది ముందు, ఏది తర్వాత

కరెంటు పోయినప్పుడు తప్పించుకున్న డేటా కూడా ఆ తర్వాత కంగారుగా చేసే రిపేరులో పోవచ్చు. వరస ముఖ్యం.

కంప్యూటరు లేచి ఏదో స్కాన్ నడుస్తుంటే నడవనివ్వండి. ఆలస్యమవుతోందని పవర్ బటన్ నొక్కితే రెండో కరెంటు కోత మీరే పెట్టినట్టు.

మామూలుగా లేచిందా? ముందు చివరిగా తెరిచి ఉన్న ఫైళ్లను తెరిచి చూడండి, అవే చెడే అవకాశం ఎక్కువ. తర్వాత డిస్కు ఆరోగ్యం చూడాలి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అన్న ఉచిత ప్రోగ్రాంలో హార్డ్ డిస్కుకు 5, 197, 198 నంబర్ల వరుసలు చూడండి, తెర మీద అవి 05, సీ5, సీ6 అని కనబడతాయి. 5 అంటే చెడిపోతే బదులు వేరేవి పెట్టి మార్చేసిన సెక్టర్లు (డిస్కు మీది చిన్న గళ్లు), 197 అంటే చదవలేక అనుమానంలో పెట్టినవి. రాస్తుండగా కరెంటు పోతే 197లో ఒకటి రెండు రావడం ఉంది, వాటి మీద మళ్లీ రాస్తే సరిపోతాయి. రోజురోజుకూ పెరుగుతుంటే మాత్రం డిస్కే పోతోందని అర్థం. ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీలో అన్‌సేఫ్ షట్‌డౌన్స్ అన్న అంకె ఉంటుంది, ఎన్నిసార్లు ఇలా ఆగిందో దానికి తెలుసు.

డిస్కు ఆరోగ్యం బాగుంటే కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిచి చెక్‌డిస్క్ నడపండి. టైపు చేయాల్సిన అక్షరాలు వరసగా సీ హెచ్ కే డీ ఎస్ కే, ఒక ఖాళీ, సి కోలన్, ఒక ఖాళీ, స్లాష్ స్కాన్. ఇది విండోస్ నడుస్తుండగానే చూస్తుంది, పని ఆగదు. తప్పులున్నాయని చెబితే స్లాష్ ఎఫ్‌తో మళ్లీ నడపండి, వై నొక్కి రీస్టార్టు చేస్తే లేచేముందు సరిచేస్తుంది. స్లాష్ ఆర్ డిస్కు మొత్తాన్ని గడి గడికీ చదువుతుంది, 1 టీబీ హార్డ్ డిస్కుకు గంటలు పడుతుంది. సెక్టర్ల అనుమానం లేకుండా దాన్ని వాడకండి. ఏం దొరికిందో తర్వాత ఈవెంట్ వ్యూయర్‌లో, అప్లికేషన్ లాగ్‌లో విన్‌ఇనిట్ పేరుతో 1001 నంబరు కింద ఉంటుంది. ఎవరికీ చెందని ముక్కలు ఫౌండ్ డాట్ 000 అన్న దాచిన ఫోల్డరులో పడతాయి. ఫైలు కనబడకపోతే అందులో వెతకండి.

లైనక్స్‌లో మౌంట్ అయి, అంటే వాడకంలో తెరిచి, ఉన్న డిస్కు మీద దాన్ని సరిచేసే ఎఫ్‌ఎస్‌సీకే ఎప్పుడూ నడపకండి, బాగున్నదాన్ని చెడగొడుతుంది. లైనక్స్ వేసి ఉన్న లైవ్ పెన్ డ్రైవుతో లేపి, ఈ2ఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ ఎఫ్ తో చూడండి. ముందు హైఫన్ ఎన్ కూడా కలిపి నడిపితే ఏమీ మార్చకుండా తప్పులు మాత్రం చూపిస్తుంది. వందల కొద్దీ తప్పులు వస్తే అక్కడే ఆగి కాపీ తీసుకోవాలి. సూపర్‌బ్లాక్ (ఫైల్‌సిస్టం మొత్తం వివరాలుండే గడి) చెడిందంటే, 4 కేబీ బ్లాకులున్న డిస్కులో 32768 దగ్గర దాని నకలు ఉంటుంది, హైఫన్ బి తో ఆ అంకె ఇవ్వండి. ఎక్స్‌ఎఫ్‌ఎస్ అనే ఇంకో లైనక్స్ ఫైల్‌సిస్టంకు పద్ధతి వేరు: ముందు ఒకసారి మౌంట్ చేసి జర్నల్‌ను సరిచేసుకోనివ్వాలి, తర్వాత ఎక్స్‌ఎఫ్‌ఎస్ రిపేర్. అందులో పెద్ద ఎల్ పెడితే జర్నల్‌నే చెరిపేస్తుంది, వేరే దారి లేనప్పుడే అది. బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్‌సిస్టంలో చెక్ రిపేర్‌ను మొదట ముట్టుకోకండి, డిస్కునంతా చదివి సరిచూసే స్క్రబ్‌తో మొదలుపెట్టండి.

డిస్కును ఫార్మాట్ చేయమంటారా అని విండోస్ అడిగినా, ఫైల్‌సిస్టం పేరు ఉండాల్సిన చోట ఇంగ్లిష్‌లో ఆర్ ఏ డబ్ల్యూ (రా) అని చూపించినా, 197 అంకె పెరుగుతున్నా చెక్‌డిస్క్ వద్దు. ఫార్మాట్ అసలే వద్దు. చెక్‌డిస్క్‌కు పట్టికలు కుదరడమే ముఖ్యం, మీ ఫైళ్లు కాదు. కుదరనివాటిని తెంపి పారేస్తుంది. ఆ డిస్కును విప్పి, అంతకన్నా పెద్ద ఖాళీ డిస్కు ఒకటి తెచ్చి, లైనక్స్ పెన్ డ్రైవుతో లేపి జీఎన్‌యూ డీడీరెస్క్యూతో మొత్తం కాపీ తీయండి. ఆదేశంలో ముందు పాత డిస్కు, తర్వాత కొత్త డిస్కు, చివర మ్యాప్ ఫైలు పేరు. ఈ వరస తారుమారైతే ఖాళీ డిస్కు వచ్చి మీ డేటా మీద పడుతుంది, అందుకే ఎంటర్ నొక్కేముందు డిస్కుల జాబితా చూపే ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఆదేశం కొట్టి సైజులు చూసి ఏది ఏదో కాగితం మీద రాసుకోండి. మ్యాప్ ఫైలును మూడో చోట, ఇంకో పెన్ డ్రైవులో పెట్టండి, మధ్యలో ఆగినా మళ్లీ అక్కడి నుంచే మొదలవుతుంది. రిపేరు ఏది చేసినా ఆ కాపీ మీదే చేయండి. అది చెడితే అసలుది ఇంకా ఉంటుంది, మళ్లీ కాపీ తీసుకోవచ్చు.

ట్యాలీ డేటా తెరుచుకోకపోయినా ఇదే వరస. ముందు అంకెల పేరున్న కంపెనీ ఫోల్డరును మొత్తంగా వేరే చోటికి కాపీ చేయండి. ఆ తర్వాత ఆల్ట్ వై మెనూలో రిపేర్. రిపేరు అయ్యాక చివరి రెండు రోజుల బిల్లులను చేతిలో ఉన్న కాగితపు బిల్లు పుస్తకంతో నంబరు నంబరుకూ సరిపోల్చండి. లేని నంబర్లు ఏవో అప్పుడే తెలుస్తాయి, అవి మళ్లీ ఎక్కించాలి.